ఆటోనగర్ ఆఫీసులో సర్వర్: డెల్ పవర్‌ఎడ్జ్ టీ150, దాని చుట్టూ వేయించిన నెట్‌వర్క్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల టోకు వ్యాపారం చేసే మా ఆఫీసులో కింద బిల్లింగ్ కౌంటరు, పై అంతస్తులో అకౌంట్సు, వెనక గోడౌను కలిపి పది కంప్యూటర్లు నడుస్తున్నాయి. వీటన్నింటికీ కేంద్రంగా డెల్ పవర్‌ఎడ్జ్ టీ150 టవర్ సర్వర్‌ను పెట్టి, దానితోపాటు కేబుళ్లు, స్విచ్ (కంప్యూటర్ల తీగలన్నింటినీ ఒకచోట కలిపే పెట్టె), యూపీఎస్, బ్యాకప్ ఏర్పాటు మొత్తం మార్పించాము. మార్చి నెలాఖరు స్టాకు లెక్కింపునూ, ఆ వెంటనే వచ్చే జీఎస్టీ రిటర్నులనూ దీని మీదే నడిపించిన తరువాత ఈ అభిప్రాయం రాస్తున్నాను. సర్వర్ మా స్థాయి ఆఫీసుకు సరిపోయింది. అయితే పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చినవి దాని దాకా వెళ్లే తీగ, దానికి నిలకడగా కరెంటు అందించే యూపీఎస్, రాత్రిపూట దాని నుంచి నకలు తీసుకునే డిస్కు అని ముందే చెప్పాలి. ఏ కొటేషన్‌లో చూసినా ఈ మూడూ చివరి వరుసల్లో ఉంటాయి, బేరం మొదలైతే ముందుగా కోతపడేవీ అవే.

ఇంతకుముందు మా ట్యాలీ డేటా అంతా పద్దులు రాసే గుమాస్తా గారి కంప్యూటర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఉండేది. చిన్న వ్యాపారాల్లో చాలాచోట్ల ఇదే పద్ధతి, ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. మామూలు విండోస్‌లో కూడా ఒకేసారి 20 యంత్రాల దాకా షేర్‌కు కలుపుకోనిస్తారు. చిక్కల్లా ఆ కంప్యూటర్ ఒక మనిషిది కావడంలో ఉంది. ఆయన భోజనానికి వెళుతూ అలవాటుగా షట్‌డౌన్ నొక్కితే కౌంటరులో బిల్లు ఆగిపోతుంది, ఆయన పెన్‌డ్రైవ్‌లో వైరస్ వస్తే అది కంపెనీ లెక్కల పక్కకే వచ్చి కూర్చుంటుంది. దీనికి తోడు విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా ఫోల్డర్ తెరిచే పాత సౌకర్యానికి అడ్డుకట్ట పడింది. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే, కానీ పాస్‌వర్డ్ లేని షేర్ల మీద ఏళ్ల తరబడి నడుస్తున్న ఆఫీసులకు అది ఉన్నట్టుండి తగిలిన దెబ్బ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది కనుక పాత యంత్రాలను మార్చక తప్పలేదు, ఎలాగూ మారుస్తున్నప్పుడు మొత్తం వ్యవస్థనే సరిచేద్దామని నిర్ణయించుకున్నాము.

తీగల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గోడౌన్ వైపు రెండు కంప్యూటర్లు ఎప్పుడూ నత్తనడకే. గోడకున్న పెట్టె విప్పి చూస్తే, ఒకే కేబుల్‌లోని ఎనిమిది తీగలను నాలుగు, నాలుగుగా చీల్చి రెండు సాకెట్లకు కలిపి ఉంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌కు రెండు జతల తీగలు చాలు కాబట్టి అప్పట్లో వైరింగ్ చేసిన వారు ఒక కేబుల్ ఖర్చు మిగిల్చుకున్నారు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి మాత్రం నాలుగు జతలూ కావాలి. పైగా తీగ చివరను బ్లేడుతో గీస్తే రాగి రంగు పూత కింద తెల్లటి లోహం బయటపడింది, అంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఇలాంటి తీగ బిగించే చోట వంచితే తొందరగా విరుగుతుంది, నిరోధం ఎక్కువ కనుక దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది. కాగితం మీద ‘క్యాట్ 6’ అని రాసి ఇస్తే సరిపోదు, ‘పూర్తి రాగి’ అని కూడా బిల్లులో రాయించుకోవాలి, బాక్సు తెరిచిన వెంటనే ఆ బ్లేడు పరీక్ష మనమే చేసుకోవాలి.

ఇప్పుడు ప్రతి కంప్యూటర్‌కూ విడిగా ఒక రాగి క్యాట్ 6 కేబుల్ వేయించి, అన్నింటినీ పై అంతస్తులో ఒకే 24 పోర్టుల గిగాబిట్ స్విచ్‌కు తెచ్చాము. ఇదివరకు ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు, దాని నుంచి మరో చిన్న స్విచ్‌కు గొలుసులా సాగిన అమరిక తీసేశాము. తేడా లెక్క తేలికే. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు సుమారు 11 లేదా 12 మెగాబైట్లు, గిగాబిట్ అంటే సుమారు 110. రెండు గిగాబైట్ల డేటా ఫోల్డర్ నకలు తీయడానికి మూడు నిమిషాలు పట్టే చోట ఇరవై సెకన్లు పడుతుంది. రాగి తీగ మీద ఒక కేబుల్ 100 మీటర్లకు మించకూడదన్న నియమం ఉంది, మా గోడౌన్ చివరి బల్ల ఆ లోపే ఉంది కాబట్టి ఫైబర్ అవసరం పడలేదు.

ఇక సర్వర్. టీ150లో ఒకే ప్రాసెసర్‌కు చోటుంటుంది, ఇంటెల్ జియాన్ ఈ-2300 తరగతిది. ఈసీసీ మెమొరీ (చిన్న తప్పులను తానే సరిచేసుకునే రకం) 128 జీబీ దాకా పెంచుకోవచ్చు. మేము 32 జీబీతో సరిపెట్టుకున్నాము, అదీ మా పనికి మిగులే. మదర్‌బోర్డు మీద రెండు గిగాబిట్ పోర్టులు ఉన్నాయి. కొనేవారు ముందే తెలుసుకోవాల్సిన పరిమితులు రెండు. మొదటిది, దీని డిస్కులు నడుస్తుండగా లాగి మార్చుకునే రకం కావు, ఒకటి పాడైతే యంత్రం ఆపి మూత తీసి మార్చాలి. రెండవది, పవర్ సప్లై ఒక్కటే, అది పోతే జత లేదు. ఆసుపత్రులకూ, ఇరవైనాలుగు గంటల కాల్ సెంటర్లకూ ఇది తగదు. రాత్రి తొమ్మిదికి షట్టరు దించే మా బోటి వారికి ఈ రెండు లోపాల వల్ల వచ్చే నష్టం భరించదగినదే. రెయిడ్ (ఒకటికి మించిన డిస్కులను కలిపి నడిపే పద్ధతి) విషయంలో మాత్రం పొదుపు చేయవద్దని నా సలహా: ప్రాథమిక ధరలో వచ్చే ఎస్150 సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడేది, కొంత అదనం పెడితే హెచ్355 అనే అసలైన కంట్రోలర్ కార్డు వస్తుంది. మేము ఆ కార్డుతో రెండు ఎస్‌ఎస్‌డీలను రెయిడ్ 1లో, అంటే ఒకదానికి ఒకటి ప్రతిబింబంగా పెట్టించాము. దీని తరువాతి తరం టీ160 డీడీఆర్5 మెమొరీతో వచ్చింది; కొత్తగా కొనేవారు రెండింటి ధరనూ పక్కపక్కన పెట్టి అడగాలి.

లైసెన్సు దగ్గర కొటేషన్లు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. కొందరు విండోస్ సర్వర్ 2022 స్టాండర్డ్ రాసి, మీద ప్రతి మనిషికీ ఒక క్లయింట్ యాక్సెస్ లైసెన్సు (సర్వర్‌ను వాడుకునే అనుమతి) కలిపి మొత్తాన్ని పెంచారు. పాతిక మందికి లోపు ఉన్న ఆఫీసుకు ఎసెన్షియల్స్ అనే చౌక కూర్పు ఉంది: 25 మంది వినియోగదారులు, 50 పరికరాల దాకా విడి యాక్సెస్ లైసెన్సులు అక్కరలేదు, ఒక ప్రాసెసర్, 10 కోర్లు అన్నవి దాని హద్దులు. ఇది విడిగా దుకాణంలో దొరకదు, సర్వర్ తయారీదారు ద్వారానే వస్తుంది, బహుశా అందుకే చాలామంది డీలర్లు దాని ఊసెత్తరు. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు అమ్మే సర్వర్ కీల జోలికి మాత్రం వెళ్లకూడదు. ఇంకొక మెలిక కూడా చూసుకోవాలి. డొమైన్‌లో (అందరి లాగిన్‌లనూ సర్వర్ ఒక్కచోటే చూసుకునే ఏర్పాటులో) చేర్చాలంటే కౌంటరు కంప్యూటర్లలో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ కూర్పు చేరదు. ల్యాప్‌టాప్ మీద చవకని చూసి హోమ్ కొన్నవారు తరువాత ఆ తేడా కట్టాల్సిందే.

సర్వర్ పెడితే ట్యాలీ దానంతటదే రెక్కలు తొడుక్కుంటుందని అనుకోవద్దు. మామూలు ట్యాలీప్రైమ్ గోల్డ్‌లో ఒకే నెట్‌వర్క్‌లో ఎంతమందైనా పనిచేయవచ్చు గానీ, ప్రతి కంప్యూటర్‌లోని ట్యాలీ ఆ షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను తానే నేరుగా తెరిచి చదువుతుంది, రాస్తుంది. సర్వర్ ప్రాసెసర్‌కు ఇందులో పెద్దగా పనే ఉండదు. వేగం పెరగాలంటే పెరగాల్సింది డిస్కు, నెట్‌వర్క్. వోచర్ సేవ్ అవుతున్న క్షణంలో కనెక్షన్ తెగితే డేటా పాడయ్యేదీ ఈ పద్ధతి వల్లే, మునుపు నెలకొకసారైనా ‘రిపేర్’ నడిపించుకోవలసి వచ్చేదీ అందుకే. కేబుళ్లు మార్చాక ఆ బెడద పోయింది. ఫైళ్లను అందరూ నేరుగా ముట్టుకోకుండా మధ్యలో ఒక సేవ నిలబడి చూసుకోవాలంటే ట్యాలీప్రైమ్ సర్వర్ అనే వేరే ఉత్పత్తి ఉంది. ఒకేసారి పాతిక, ముప్ఫై మంది ఎంట్రీలు వేసే చోట అది ఆలోచించదగినది, మాకు అవసరం అనిపించలేదు.

ఆటోనగర్‌లో కరెంటు తీరు వేరు. పక్క షెడ్డులో వెల్డింగ్ మొదలైనా, లేత్ మెషిన్ మోటారు అందుకున్నా ట్యూబులైటు ఒక్కసారి కళ్లు మూసి తెరుస్తుంది. అందుకే సర్వర్‌కు, స్విచ్‌కు, రౌటర్‌కు కలిపి ఆన్‌లైన్ రకం యూపీఎస్ పెట్టించాము, ఇది వచ్చే కరెంటును ముందు డీసీగా మార్చి మళ్లీ ఏసీ చేసి ఇస్తుంది కనుక హెచ్చుతగ్గులు లోపలికి రావు. చాలామంది మరిచేది ఒకటుంది: యూపీఎస్ వెనక ఉండే యూఎస్‌బీ తీగను సర్వర్‌కు కలిపి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోయేలా అమర్చుకోవాలి. ఆ తీగ మాకు వచ్చిన పెట్టెలో ప్లాస్టిక్ కవరులోనే మిగిలిపోతే, అడిగి బిగించుకున్నాము. దుమ్ము మరో శత్రువు. ఇక్కడి గాలిలో ఇనుపరజను తేలుతుంది, నూనె చెమ్మ కలిసి ఫ్యాను రెక్కల మీద నల్లటి పొరగా పేరుకుంటుంది, కనుక సర్వర్‌ను పై అంతస్తు గదిలో, నేలకు రెండడుగుల ఎత్తున స్టాండు మీద ఉంచాము. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ఇళ్లనూ దుకాణాలనూ ముంచిన తీరు చూసినవారెవరూ ఈ ఊళ్లో సర్వర్‌ను కింది అంతస్తులో పెట్టరు.

బ్యాకప్ గురించి అమ్మేవారు తక్కువ మాట్లాడతారు. రెయిడ్ 1 ఉంది కదా అని ఒక డీలరు బ్యాకప్ వరుసనే కొట్టేశారు. రెండు డిస్కుల మీద ఒకే రాత నడుస్తుంది, పొరపాటున చెరిపిన ఫోల్డర్ రెండింటిలోనూ ఒకేసారి చెరిగిపోతుంది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటిని కూడా తాళం వేసినప్పుడు తేలినది అదే, నెట్‌వర్క్‌కు కలిసి ఉన్న ప్రతి నకలూ ప్రమాదంలోనే ఉంటుంది. మేము విండోస్ సర్వర్‌లోనే ఉండే బ్యాకప్ సాధనంతో ప్రతి రాత్రి ఒక యూఎస్‌బీ డిస్కుకు నకలు తీస్తాము. డిస్కులు రెండు, ఒకటి ఆఫీసులో ఉంటే రెండవది ఇంట్లో ఉంటుంది, శనివారం మార్చుకుంటాము. జీఎస్టీ నిబంధనల్లో 57వది ఎలక్ట్రానిక్ లెక్కలకు సరైన బ్యాకప్ ఉంచాలనీ, ప్రమాదంలో నాశనమైతే తగిన సమయంలో తిరిగి తెచ్చుకోగలగాలనీ చెబుతోంది. చట్టంలోని 36వ సెక్షన్ వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచమంటోంది. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలైతే పద్దుల బ్యాకప్‌ను ప్రతిరోజూ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉంచాలన్న నియమం 2022 నుంచి ఉంది, వారికి రోజువారీ బ్యాకప్ ఐచ్ఛికం కాదు. నకలు తీయడం సగం పనే. మేము మూడు నెలలకు ఒకసారి ఆ డిస్కు నుంచి ఒక కంపెనీ డేటాను వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి, ట్యాలీలో తెరిచి, ట్రయల్ బ్యాలెన్సు సరిపోయిందో లేదో చూస్తాము.

బిగించిన సంస్థ పేరు రాయడం లేదు, పని మాత్రం మిశ్రమంగా ఉంది. ప్రతి కేబుల్‌కు రెండు చివరలా నంబరు చీటీ అంటించారు, స్విచ్ పోర్టుల పటం ముద్రించి గోడకు తగిలించారు, ఇది మెచ్చుకోదగ్గది. కానీ డొమైన్‌లో చేరిన కంప్యూటర్లన్నింటిలోనూ మొదటి డీఎన్ఎస్‌గా (పేరు చెబితే చిరునామా వెతికి ఇచ్చే సేవగా) సర్వర్‌ను, రెండవదిగా గూగుల్ వారి 8.8.8.8ను పెట్టి వెళ్లారు. ఫలితంగా కొన్ని ఉదయాలు లాగిన్ నిమిషాల తరబడి తిరిగేది, ఎందుకంటే లోపలి డొమైన్ పేరు బయటి డీఎన్ఎస్‌కు తెలియదు. కంప్యూటర్లకు సర్వర్ ఒక్కటే ఇచ్చి, బయటి పేర్లను సర్వరే వెతికి తెచ్చేలా చేయించాక సమస్య తీరింది. దీనికి ఒక మూల్యం ఉంది: సర్వర్ ఆగితే అందరికీ ఇంటర్నెట్ ఆగినట్టే ఉంటుంది. లారీ గేటు దగ్గర నిలబడి ఉంటే ఈ-వే బిల్లు ఆగకూడదు కనుక కౌంటరులో ఒక కంప్యూటర్‌ను డొమైన్‌లో చేర్చకుండా నేరుగా రౌటర్‌కే కలిపి ఉంచాము. ఆడిటర్ గారు ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే దారి) తెరిచి ఇస్తామని బిగించినవారు ప్రతిపాదిస్తే ఒప్పుకోలేదు. ఆ పోర్టును ఇంటర్నెట్‌లో వెతికే దొంగలు అంతులేనంతమంది, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఇతరులకు కనబడకుండా సాగే దారి) మీద మాత్రమే అనుమతించాము, దానికోసం ఇంటర్నెట్ కంపెనీ నుంచి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకోవాల్సి వచ్చింది.

నాలుగైదు కంప్యూటర్లు, కేవలం ఫైళ్లు పంచుకోవడమే పని అయిన ఆడిట్ ఆఫీసులకూ డిజైన్ షాపులకూ టీ150 అనవసరం. రెండు లేదా నాలుగు డిస్కుల సైనాలజీ లాంటి నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు కలిపే డిస్కుల పెట్టె), అందులోని స్నాప్‌షాట్ (ఫైళ్ల పాత స్థితిని భద్రపరిచే) సదుపాయంతో చౌకగా పని జరుగుతుంది. ఎవరెవరు ఏ ఫోల్డర్ చూడాలో మనిషి మనిషికీ నిర్ణయించాలన్నా, ఉద్యోగం మానేసినవారి లాగిన్‌ను ఒక్కచోట మూసేయాలన్నా, బిల్లింగ్ ప్రోగ్రాం డేటాబేసు అక్కడే నడవాలన్నా విండోస్ సర్వర్ కావాలి. మా సేల్స్ కుర్రాళ్లకు కొనుగోలు ధరలు కనబడకుండా చేయగలగడం ఒక్కటే మా నాన్నగారి దృష్టిలో ఈ ఖర్చుకు సమాధానం.

కొనుగోలు బిల్లుతో పాటు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు, రౌటర్ పాస్‌వర్డు, లైసెన్సు కాగితాలు చేతికి తీసుకున్న తరువాతే చివరి వాయిదా చెల్లించాలి. మాకు ఆ కవరు రెండుసార్లు అడిగితే గానీ రాలేదు, వార్షిక నిర్వహణ ఒప్పందం సంతకం అయ్యాక ఇస్తామన్నారు. ఆ ఒప్పందం చేసుకోలేదు. తయారీదారు వారంటీని మూడేళ్లకు, మరుసటి పనిదినం ఇంజనీరు వచ్చే షరతుతో తీసుకున్నాము, కేబుళ్లకూ యూపీఎస్‌కూ ఎవరినైనా పిలిపించుకోవచ్చు.