కారు తుప్పు పని: ఇంట్లో చేసిందెంత నిలిచింది, షెడ్డులో చేయించిందెంత నిలిచింది

సముద్రపు గాలి తగిలే ఊళ్లో తిరిగే పాత హ్యాచ్‌బ్యాక్ ఇది. బానెట్ మీది మచ్చలు, వెనక చక్రం పైనున్న వంపు అంచు ఇంట్లో చేసిన పని. రన్నింగ్ బోర్డు (డోర్ల కింద పొడవునా ఉండే బాడీ రేకు భాగం), డిక్కీలో స్టెప్నీ గుంట టింకరింగ్ షెడ్డులో చేయించినవి. నాలుగేళ్లు దాటాక ఫలితాలు ఇవి.

ఇంటి పనా, షెడ్డు పనా అన్నది మచ్చ సైజును బట్టి తేల్చకండి. రేకు వెనక వైపుకి చెయ్యో, సన్నటి పైపో వెళ్తుందా? ఆ రేకు బండి బరువు మోసేదా? ఈ రెండూ చూడాలి. స్క్రూడ్రైవర్ కొనతో గట్టిగా పొడిస్తే దిగిపోయిందంటే అది షెడ్డు పనే. రన్నింగ్ బోర్డు, జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగించే చోటు, సీటు బెల్టు బోల్టు చుట్టుపక్కల అయితే దిగకపోయినా షెడ్డుకే. మిగతావి, వెనక వైపుకి చేరగలిగితే, ఇంట్లో చేసుకోవచ్చు.

ఇంటి పనిలో అసలు మోసం గీకడం దగ్గరే. గ్రైండర్‌కి వైరు కప్పు (ఇనప తీగల బ్రష్షు) పెట్టి తిప్పితే తుప్పు నిగనిగలాడుతుంది, పోయిందనిపిస్తుంది. ఎండలో దగ్గరగా చూడండి, గుంటల్లో మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటాయి. మళ్లీ మొలిచేది అక్కడి నుంచే. 80 నంబరు ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం రెక్కలున్న చక్రం) తేలిక చేత్తో ఆడించాలి. బాడీ రేకు మందం ముప్పాతిక మిల్లీమీటరు అటూ ఇటూ, నొక్కితే చిల్లే. పెయింటు ఉబ్బిన బుడగ చుట్టూ రెండంగుళాల మేర మంచి రేకు కనిపించాలి. తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) పలచగా రెండు కోట్లు. మర్నాటికి నల్లబడుతుంది. దాన్ని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే మిగిలిన ఆమ్లం పైన ఎపాక్సీ ప్రైమర్ (రెండు భాగాలు కలిపి రేకుకి వేసే మొదటి పూత) సరిగ్గా పట్టదు. కడగక్కర్లేని రకాలూ ఉన్నాయి, డబ్బా మీద చదవండి.

ముందు ఎపాక్సీ ప్రైమర్, ఆ పైనే లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ). చాలా షెడ్లలో ఉత్త రేకు మీదే లప్పం పెట్టేస్తారు. పాలియెస్టర్ లప్పం తేమ పీలుస్తుంది, ఆ తేమ నేరుగా రేకుకి చేరుతుంది. వంద గ్రాములకి రెండు గ్రాముల హార్డెనర్ చాలు. ఎక్కువైతే దాని రంగు పెయింటులోంచి మచ్చగా పైకి తేలుతుంది. మే నెల ఎండలో కలిపిన నాలుగైదు నిమిషాలకే బిగుసుకుంటుంది కాబట్టి నిమ్మకాయంత ముద్దే కలుపుకోండి. మందం 3 మిల్లీమీటర్లు దాటకూడదు. లప్పాన్ని పొడిగానే రుద్దాలి, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) సర్ఫేసర్ (లప్పం మీద కొట్టే నునుపు ప్రైమర్) కొట్టాకే.

పెయింటు మాత్రం ఇంట్లో అంత సుఖం కాదు. ముసురు రోజుల్లో స్ప్రే చేస్తే తెల్లగా మసకబారుతుంది. మెటాలిక్ రంగుల్లో అతుకు కనిపించి తీరుతుంది. రెండు భాగాలు కలిపే క్లియర్ కోటులో (రంగు మీది పారదర్శక పూత) ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ప్రైమర్ దాకా మనం చేసి, పైకోటు పెయింటరుకి ఇవ్వడమే నయం.

బానెట్ ఇప్పటికీ శుభ్రం. చక్రం వంపు బయటకి బాగుంది గానీ లోపలి మడతలో రెండో వానాకాలానికే బుడగలొచ్చాయి. రెండు రేకులు మడతపడ్డ సందులోకి గరుకు కాగితమూ చేరదు, కన్వర్టరూ చేరదు.

షెడ్డులో అడగాల్సినవి: కోసి కొత్త రేకు వేయాలి, గ్యాస్ మంటతో చేసే వెల్డింగ్ కాకుండా సీఓటూ వెల్డింగ్ (కరెంటు తీగతో చేసేది) కావాలి. గ్యాస్ వేడికి పలచటి రేకు వంకరపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, కార్పెట్ లేపాలి, పెట్రోలు పైపు ఎటు పోతోందో చూసుకోవాలి. లప్పం పెట్టకముందు ప్యాచ్‌కి ఫోటో తీసి పంపమనండి. ఎదురుచెప్పే షెడ్డు అయితే బండి తెచ్చేసుకోండి.

రన్నింగ్ బోర్డు వెల్డింగ్ గట్టిగానే ఉంది. కానీ వెల్డింగ్ వేడికి లోపలి వైపు పూత కాలిపోతుంది, దాన్ని మళ్లీ వేసే పని ఏ బిల్లులోనూ ఉండదు. బండి ఇంటికొచ్చాక రన్నింగ్ బోర్డు రంధ్రాల రబ్బరు బిళ్లలు తీసి, పొడుగు నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు ఆపే మైనం) మనమే కొట్టుకోవాలి. పాత ఇంజిన్ ఆయిల్ పోయమనే సలహా వినొద్దు, బీడింగులు (డోర్ల అంచు రబ్బర్లు) ఉబ్బిపోతాయి. తుప్పు తీయకుండా కింద రబ్బరు కోటింగ్ కొట్టించడం కూడా దండగే, తడి దాని కింద చిక్కుకుంటుంది.

స్టెప్నీ గుంట ప్యాచ్ నిలిచినా అందులో మళ్లీ నీళ్లు చేరాయి. కారణం వెనక లైటు రబ్బరు. ఒకరు టార్చితో డిక్కీలో కూర్చుని, ఇంకొకరు పైపుతో నీళ్లు కొడితే ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. ఎండాకాలంలో ముందు సీటు కింద తడి ఉంటే ఏసీ డ్రెయిన్ పైపు చూడండి.

ఇన్సూరెన్సుపై ఆశ వద్దు, తుప్పును వాడకపు అరుగుదల కింద లెక్కేసి డబ్బు ఇవ్వరు. ఏటా వానలకి ముందు డోర్ల అడుగున ఉండే డ్రెయిన్ రంధ్రాల్లోకి ప్లాస్టిక్ కేబుల్ టై దూర్చి మట్టి లాగేయండి. ఇనప చువ్వ వాడితే అంచుల పెయింటు లేస్తుంది.