బోరు నీళ్ళకి పెన్ను టీడీఎస్ మీటరు: బరంపురం వైపు ఇళ్ళలో ఉండాల్సిందే

ఒడిశాలో బరంపురం నుంచి గోపాల్‌పూర్ దాకా బోరు మీదే బతికే ఇళ్ళవాళ్ళు కొనుక్కోవాల్సిన వస్తువు ఇది. నీళ్ళలో కరిగిన లవణాలు (టీడీఎస్) లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపే పెన్నులాంటి మీటరు. చిన్న బజార్లలో రెండు మూడు వందలకే దొరుకుతోంది. నీళ్ళు ఒక్కరోజులో ఉప్పెక్కవు. ఏటా కాస్త కాస్తగా ఎక్కుతుంటే నాలుక అలవాటు పడిపోతుంది. కుక్కరు ఇంకో రెండు కూతలు కూస్తేగానీ కందిపప్పు మెదగకపోయినా, పప్పే మంచిది కాదనుకుంటాం.

సముద్రం పక్క ఇసక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన మంచినీటి మట్టం ఒక్క అడుగు దిగి అలాగే ఉండిపోతే, కింద ఉప్పునీరు ఏళ్ళ మీద దాదాపు 40 అడుగులు పైకి జరగగలదు. కంటికి కనబడేది ఆ ఒక్క అడుగే.

కొలిచేటప్పుడు మోటారు పది నిమిషాలు పోనిచ్చి, ట్యాంకు నీళ్ళు కాకుండా పైపు దగ్గరే గ్లాసులో పట్టాలి. మీటరు కొనని గీత దాకానే ముంచి, గ్లాసుకి రెండుసార్లు తట్టాలి. లోపలి కడ్డీలకి బుడగలు అంటుకుంటే అంకె తక్కువొస్తుంది. అంకె నిలిచాక హోల్డ్ నొక్కి, క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసెయ్యాలి. మే నెలని మే నెలతోనే పోల్చండి, వానల తర్వాత నీళ్ళు ఎలాగూ పలచబడతాయి.

ఎక్కువమంది బోల్తాపడేది ఒక్కచోట. 999 దాటితే చాలా మోడళ్ళలో తెర మూల చిన్నగా ×10 వెలుగుతుంది. అది చూడకపోతే 1240 కాస్తా 124 అయిపోతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు దొరకనిచోట 2000 దాకా. ఇంత తేడాని ఆ చిన్న గుర్తు మింగేస్తుంది.

లోపం లేకపోలేదు. కడ్డీలకి సున్నప్పొర పట్టి మీటరు కూడా మెల్లమెల్లగా తక్కువ చూపడం మొదలెడుతుంది. నెలకోసారి నిమ్మరసంలో అయిదు నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో కడగాలి. సరిచూడ్డానికి కంసాలి తూకంలో ఒక గ్రాము ఉప్పు తూయించి, లీటరు బ్యాటరీ నీళ్ళలో (డిస్టిల్డ్ వాటర్) కలపండి. అందులో ఒక వంతుకి రెండు వంతులు బ్యాటరీ నీళ్ళు చేరిస్తే 330 చుట్టుపక్కల రావాలి. బాగా తప్పితే వెనక ఉన్న చిన్న స్క్రూ తిప్పి దిద్దుకోవచ్చు.

ఫ్లోరైడు, నైట్రేటు, క్రిములు ఇందులో తెలియవు. 200 చూపినంత మాత్రాన తాగొచ్చని కాదు, వాటికి ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే. స్క్రూ లేని రకాలూ అమ్ముతున్నారు, డబ్బులిచ్చే ముందు వెనక్కి తిప్పి చూసుకోండి.