పిల్లల పళ్ళలో పుచ్చును తొందరగా కనిపెట్టాలంటే ఏది మేలు: టార్చా, ఎక్స్‌రేనా, లేజర్ పెన్నా?

పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి అని ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఊడేవే, కాదనను. కానీ వెనకాల దవడ పాలపళ్ళు పదేళ్ళు దాటేదాకా, కొందరికి పన్నెండు వచ్చేదాకా నోట్లోనే ఉంటాయి. పైగా వాటి ఎనామెల్ (పన్ను పైనుండే గట్టి పొర) పెద్దవాళ్ళ పళ్ళ ఎనామెల్‌లో సుమారు సగం మందమే కాబట్టి, పుచ్చు మొదలైందంటే లోపలి నరం దాకా పాకడానికి ఎక్కువ కాలం పట్టదు. నొప్పి వచ్చాక చూపిద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టే.

మూడేళ్ళలోపు పిల్లలకైతే నా ఓటు ఇంట్లో టార్చ్‌తో చూడటానికే. ఎందుకంటే పుచ్చు నల్లగా మొదలవదు, తెల్లగా మొదలవుతుంది. పైన ముందున్న నాలుగు పళ్ళ మీద, చిగుళ్ళ అంచు వెంబడే, సుద్దముక్కతో గీసినట్టు మెరుపు లేని తెల్లచార కనిపిస్తుంది. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. కింది ముందుపళ్ళను నాలుక, లాలాజలం కాపాడతాయి కాబట్టి అవి చాలావరకు బాగానే ఉంటాయి, వాటిని చూసి అమ్మయ్య అనుకోకండి. ఈ చార దశలో ఇంకా గుంట పడదు, డ్రిల్లింగూ అక్కర్లేదు. రాత్రి సీసా మానిపించి, మూడేళ్ళలోపైతే బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోమి, డాక్టర్ దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్ళకి అంటుకుని ఉండే ఫ్లోరైడ్ పూత) పూయిస్తే చాలా సందర్భాల్లో అక్కడితో ఆగిపోతుంది.

చూసే పద్ధతి కూడా ముఖ్యం. ఇద్దరు పెద్దవాళ్ళు మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చోండి. బిడ్డ కాళ్ళు మీ వైపు, తల అవతలివాళ్ళ ఒళ్ళో. వాళ్ళు పై పెదవి ఎత్తి, పళ్ళ మీద పాల పొర లేకుండా మెత్తటి గుడ్డతో తుడిచి, తడి ఆరాక టార్చ్ వేసి చూడాలి. తడిగా ఉంటే తొలిదశ చార కనిపించదు, అసలు కిటుకు అదే. బిడ్డ ఏడుస్తుందా, ఏడవనివ్వండి, నోరు ఇంకాస్త బాగా తెరుచుకుంటుంది! నెలకోసారి చూస్తే చాలు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే పోయిన నెలతో పోల్చుకోవచ్చు, కానీ ఫొటో చూసి ఇది పుచ్చే, ఇది కాదు అని మీరే తేల్చేయకండి.

డాక్టర్ కూడా మొదట చేసేది ఇదే, కాకపోతే గాలి కొట్టి బాగా ఆరబెట్టి, అద్దంతో వెనక వైపు కూడా చూస్తారు. మొనదేలిన ప్రోబ్‌తో గుచ్చి చూసే పాత అలవాటు ఇప్పుడు వద్దంటున్నారు, తెల్లమచ్చ పైనున్న పల్చటి పొర పగిలే ప్రమాదం ఉంది.

ఇక ఎక్స్‌రే. వెనక పళ్ళు ఒకదానికొకటి ఆనుకున్నాక ఆ రెంటి మధ్య ఏం జరుగుతోందో టార్చ్‌కీ అందదు, డాక్టర్ కంటికీ సరిగ్గా అందదు. పైకి నిక్షేపంగా ఉన్న దవడ పన్ను పక్కన లోపల పెద్ద గుంట ఉండటం అరుదేమీ కాదు. తిన్నది రోజూ ఒకే సందులో ఇరుక్కుంటోందంటే, ఒక పక్కే నములుతున్నారంటే అనుమానించాల్సిందే. ఇక్కడ బైట్‌వింగ్ ఎక్స్‌రేకి, అంటే చిన్న పలకని పళ్ళతో కొరికి పట్టించి వెనక పళ్ళకి తీసే ఎక్స్‌రేకి, పోటీ లేదు. రేడియేషన్ గురించి టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట: డిజిటల్ బైట్‌వింగ్ ఒక్కోటీ కొద్ది మైక్రోసీవర్ట్‌లే (రేడియేషన్ కొలత), ప్రకృతి నుంచి మనకి ఒకటి రెండు రోజుల్లో తగిలేంత. అయితే పన్నులో ఖనిజం బాగానే పోయాక గానీ ఎక్స్‌రేలో మచ్చ పడదు, కాబట్టి పళ్ళ మధ్య సందులుండి పక్కలు కంటికే కనిపించే రెండేళ్ళ పిల్లాడికి తీయించి లాభం లేదు. పుచ్చు ప్రమాదం ఎక్కువున్న పిల్లలకి ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, తక్కువున్నవాళ్ళకి ఏడాది రెండేళ్ళకోసారి సరిపోతుంది.

లేజర్ పెన్ మాత్రం నాకు అంత అవసరమనిపించదు. ఎర్రటి కాంతి వేస్తే పుచ్చులో బాక్టీరియా వదిలిన పదార్థాలు తిరిగి వెలుగుతాయి, యంత్రం 0 నుంచి 99 లోపు ఒక అంకె చూపిస్తుంది. చూడటానికి భలే ఉంటుంది. కానీ పాచి, గార, మరక ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. ఒకే పన్నును శుభ్రం చేసి ఆరు నెలలకోసారి కొలిచి పోల్చడానికి పర్లేదు గానీ, అంకె ఒక్కటే చూపించి డ్రిల్ చేద్దామంటే ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్‌కి చూపించండి.

నల్గొండ లాంటి, నీళ్ళలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న ప్రాంతాల్లో పెరిగిన పిల్లలకి ఇంకో తికమక ఉంది, శాశ్వత పళ్ళ మీద ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే) మచ్చలూ తెల్లగానే ఉంటాయి. అవి సాధారణంగా కుడి ఎడమ పళ్ళ మీద ఒకేలా, పన్నంతా పరుచుకుని ఉంటాయి. పుచ్చు చార పాచి పేరుకునే చోటే, చిగుళ్ళ అంచునే ఉంటుంది. గుర్తుపట్టడానికి ఇక్కడ ఏ యంత్రం కన్నా అనుభవమున్న కన్నే మేలు.

ఆరేళ్ళప్పుడు ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. పాలపళ్ళన్నిటికీ వెనకాల, ఏదీ ఊడకుండానే, ఒక శాశ్వత దవడ పన్ను వస్తుంది. చాలామంది అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. దాని పై గాడుల్లో మొదలయ్యే పుచ్చు ఎక్స్‌రేలో తొందరగా కనపడదు, ఆరబెట్టి చూడటమే దారి. గాడులు లోతుగా ఉంటే వాటిని మూసే సీలెంట్ పూత వేయమని డాక్టర్‌ని మీరే అడగండి.