నాలా కాగితం అరగంటలో వచ్చింది, కానీ కాలువ గురించి ఎవరూ అడగలేదు

మా ఊరు తెలంగాణలో, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ ఆయకట్టులో ఉంది. ఇల్లు కట్టుకుందామని రోడ్డు పక్కనున్న పది గుంటలకు, అంటే పావెకరానికి, ఈ మధ్యే నాలా చేయించాను. నాలా అంటే సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం. వాడుకున్న రైతుగా ఈ సేవ గురించి చెబుతున్నాను.

పని జరిగిన తీరుకు వంక పెట్టలేను. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసి, ఫీజు కట్టి, ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్ళాను. ఫీజు ప్రభుత్వ విలువలో 3 శాతం. మా దగ్గర ఎకరం విలువ 6 లక్షలు, నా పది గుంటలకు 4,500 రూపాయలు పడింది. నాట్ల బురదలో నానిన వేళ్ళు కదా, బొటనవేలి ముద్ర రెండుసార్లు పడలేదు. "జెర తుడుసుకొని మళ్ళ పెట్టు బాపూ" అన్నాడు ఆపరేటర్ పిల్లాడు, విసుక్కోకుండా. మూడోసారి పడింది. అరగంటలో కాగితం చేతికొచ్చింది. 2006లో నాలా చట్టం వచ్చిన కొత్తలో ఫైలు ఆర్డీవో దాకా పోయేది, మా అన్న చెప్పులరిగేలా తిరిగాడు. ఆ టెన్షన్ ఇప్పుడు లేదు.

కానీ నన్ను అడిగిందేమిటి? సర్వే నంబరు, విస్తీర్ణం, ఫీజు. ఆ మడికి ఏ తూము నీళ్ళు వస్తాయి, దాని మీదుగా ఎవరి పొలానికి పోతాయి, రెండు పంటలు పండుతాయా అని అడిగినవాళ్ళు లేరు. నా పది గుంటల్లో పిల్ల కాలువ లేదు కాబట్టి ఎవరికీ నష్టం కాలేదు. మూడేళ్ళ కిందట మా పైనున్న రెండెకరాలకు నాలా అయింది. అందులో కాలువ ఉంది. ప్లాట్లు కొట్టి, లారీలతో మొరం పోశారు. మా నాయన కాలం నుంచి గెట్టు వెంట పారిన కాలువ నడుములోతు మొరం కింద పోయింది. ఆ యాసంగి మా ఎకరంన్నరలో పొట్టకొచ్చిన వరి కింద మడి కాలివేలు పట్టేంత నెర్రెలు బారింది. అమ్మినవాళ్ళను తప్పుపట్టను, ఆడపిల్ల పెళ్ళి ఉంది. వాళ్ళ కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నన్ను బాధపెట్టేది అదే.

2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ చదవండి. రెండు మూడు పంటలు పండే సాగునీటి భూమిని వేరే దారి లేనప్పుడే సేకరించాలని, సేకరిస్తే అంతే బీడును సాగులోకి తేవాలని, లేదంటే ఆ భూమి విలువ జమ చేయాలని ఉంది. భూమిని సేకరించే ప్రభుత్వానికి ఆ షరతు పెట్టారు. 3 శాతం కట్టి మొరం పోసేవాళ్ళకు ఏదీ లేదు. కేరళ 2008లోనే వరి పొలాల కోసం విడిగా చట్టం తెచ్చింది. ఊళ్ళవారీగా పొలాల జాబితా, వ్యవసాయ అధికారి, రైతులు కూర్చునే కమిటీ ఉంటాయి. పంచాయతీల్లో సొంత ఇంటికైతే పది సెంట్ల దాకా ఇస్తారు, మన లెక్కలో నాలుగు గుంటలు. అలాంటి చట్టం ఇక్కడుంటే నాకు పది గుంటలు వచ్చేవి కావు. దానికి సంతోషంగా ఒప్పుకునేవాణ్ణి.

వేగానికి ఐదుకు ఐదు ఇస్తాను. పొలాన్ని కాపాడే విషయంలో ఒక్కటి కూడా ఇవ్వలేను.

నాలా చేయించుకునేవాళ్ళు ఇంటికి కావాల్సినంతే చేయించుకోండి. ఆ విస్తీర్ణం పాస్‌బుక్‌లోంచి పోతుంది, ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున వచ్చే రైతు భరోసా దానికి రాదు. స్లాట్ బుక్ చేసేముందు కింది పొలం రైతును వెంటబెట్టుకుని గెట్టు మీద ఒకసారి నడవండి. కాలువ కనిపిస్తే మొరం పోయకముందే సిమెంటు పైపులు వేయించండి. మేము నలుగురం చందాలేసుకుని, ప్లాట్ల పక్కన తవ్వి, పైపులు దింపేసరికి ఆ పంట ఎండిపోయింది.