ఫోల్డ్‌స్కోప్: జామకాయలోని గరగర కళ్లారా చూడొచ్చు

ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. దృఢకణజాలం (మొక్కకు గట్టిదనమిచ్చే, మందమైన గోడలున్న కణాల సముదాయం) బోర్డు మీద బొమ్మ గీస్తే బుర్రకెక్కదు, అందుకే ఈ కాగితపు మైక్రోస్కోపు తెప్పించాను. దీన్ని అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్ అనే శాస్త్రవేత్త బృందం తయారుచేసింది. సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది.

జామకాయ తొక్క కింది గుజ్జు గోరంత తీసి, స్లైడు మీద నలిపి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి కడిగాం. లేత కణాల మధ్య ఎర్రగా గుత్తులు గుత్తులుగా రాతి కణాలు, అంటే దృఢకణజాలంలో ఒక రకం! గోడలు లిగ్నిన్‌ అనే గట్టి పదార్థంతో ఎంత మందమెక్కాయంటే లోపలి ఖాళీ సన్నని చీలికలా మిగిలింది. పంటి కింద గరగరలాడేవి ఇవే. కొబ్బరి చిప్ప గట్టిదనమూ ఈ రకం కణాలదే. జనపనారలో మాత్రం దృఢకణజాలం పొడవాటి పోగులుగా ఉంటుంది.

ఫోన్ కెమెరాకు తగిలిస్తే తరగతంతా ఒకేసారి చూడొచ్చు. గుజ్జు బాగా పలచగా పరవాలి, లేకపోతే అంతా నల్లగా కనబడుతుంది. కిటికీ వెలుతురు చాలు. కణం గోడలోని సన్నటి కాలువలు చూడాలంటే ల్యాబు మైక్రోస్కోపే కావాలి. సరైన ల్యాబు లేని కాలేజీల వాళ్లు మాత్రం తప్పకుండా కొనండి.