మాల్డీ టెస్టింగ్ అని పాలిమర్ శాంపిళ్లు తీసుకునే ఏజెంటుతో జాగ్రత్త

స్కాలర్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఏ టెస్టయినా వారంలో రిపోర్టు" అని రోజూ పోస్టులు పెట్టే హైదరాబాద్ ఏజెంటు ఉన్నాడు కదా, ఆయనే. పేరు రాయను, మీకు తెలుసు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు. అనంతపురం నుంచి పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌ని మాల్డీ టాఫ్‌కి (లేజర్ కొట్టి అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రమ్ టెస్టు) పంపాను. జీపీసీలో (గొలుసుల్ని సైజును బట్టి వేరుచేసే టెస్టు) సగటు బరువు, బరువుల్లో తేడాలు ఎంతో వస్తాయి, అంతే. గొలుసు చివర బెంజైల్ ఆల్కహాల్ అంటుకుందో లేదో దాంతో తేలదు, మాస్ స్పెక్ట్రమ్‌లో అయితే తెలుస్తుంది.

నిన్న రాత్రి పీడీఎఫ్ వచ్చింది. స్పెక్ట్రమ్ ఎంత అందంగా ఉందో! గైడ్‌కి పంపేముందు పీకుల (గ్రాఫ్‌లో పైకి లేచే మొనలు, ఒక్కోటి ఒక్కో బరువు) మధ్య తేడా చూశాను. 2022.2, 2066.2, 2110.2. అంటే 44. గొలుసులో తిరిగి తిరిగి వచ్చే కాప్రోలాక్టోన్ యూనిట్ బరువు 114 కదా, ఒక్కో యూనిట్ పెరిగేకొద్దీ పీకుకీ పీకుకీ మధ్య ఆ తేడా ఉండాలి. 2022.2లో టెస్టులో గొలుసుకి అంటుకునే సోడియానికి 23, రెండు చివర్లకు కలిపి 18 తీసేసి 44.03తో భాగిస్తే సరిగ్గా 45 వచ్చింది. ఆ 44.03 పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే వేరే పాలిమర్ యూనిట్ బరువు. అంటే ఇది ఎవరిదో శాంపిల్! గానుగకి శెనక్కాయలు పంపితే ఆముదం డబ్బా చేతిలో పెట్టినట్టుంది.

పొద్దున్నే ఫోన్ చేశాను. ముందు "మీ సీమ ఎండకి దారిలో శాంపిల్ మారిపోయి ఉంటుంది సార్" అన్నాడు. నా పాలిమర్ 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నిజమే. కరిగినంత మాత్రాన 114 కాస్తా 44 అవుతుందా? ఇదే అడిగితే నవ్వాడు. "పీకులు వచ్చాయా లేదా? థీసిస్‌లో పెట్టేయండి. మీ అనంతపురంలో దీన్ని లెక్కపెట్టి చూసేదెవరు సార్?"

ఆ మాటకి ఒళ్లు మండిపోయింది. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. ఏ మ్యాట్రిక్స్ (లేజర్ శక్తిని పీల్చుకోడానికి శాంపిల్‌తో కలిపే పదార్థం) వాడారో చెప్పమంటే "అవన్నీ ల్యాబ్ సీక్రెట్" అట. డైత్రనాల్ అనే మామూలు మ్యాట్రిక్స్ పేరు కూడా విన్నట్టు లేడు, మహానుభావుడు. మళ్లీ రన్ చేయాలంటే మళ్లీ ఫీజు కట్టాలట. మిగిలిన శాంపిల్ వెనక్కి పంపమంటే "అయిపోయింది" అన్నాడు. వయల్ నిండా పంపాను! ఈ టెస్టుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు, మిగతాది ఎటు పోయినట్టు?

ఇంకా ఎవరైనా పంపాలనుకుంటే పీడీఎఫ్ ఒక్కటే ఒప్పుకోకండి, మెషిన్ నుంచి నేరుగా వచ్చిన రా డేటా ఫైల్ కూడా ఇస్తానంటేనే డబ్బు కట్టండి. మ్యాట్రిక్స్, సాల్ట్ (గొలుసుకి సోడియం లాంటిది అంటుకోడానికి కలిపే లవణం) పేర్లు రిపోర్టులో రాయమనండి. ఇదే ఏజెంటు దగ్గర మీకూ 44 తేడాతో పీకులు వచ్చి ఉంటే కామెంట్‌లో పెట్టండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.