'38 రాష్ట్రాల గన్ పర్మిట్' కొనేముందు మీ దారిలో ఏ రాష్ట్రాలున్నాయో చూసుకోండి

అమెరికాలో ఉంటూ, కారులో రాష్ట్రాలు దాటేటప్పుడు గన్ వెంట ఉంచుకోవాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు పోయింది డబ్బే. అదే కాగితం నమ్మి బయల్దేరి ఉంటే గ్రీన్ కార్డు కూడా పోయేదేమో.

షార్లెట్ దగ్గర నాకో గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి పదకొండున్నరకి షాపు మూసి క్యాష్ పట్టుకుని ఇంటికి రావాలి. గ్రీన్ కార్డు వచ్చాక పిస్టల్ కొన్నాను. క్లాసులో కూర్చుని, రేంజిలో కాల్చి చూపించి, షెరీఫ్ ఆఫీసులో వేలిముద్రలిచ్చి, గన్ దాచి వెంట పెట్టుకునే నార్త్ కరోలినా పర్మిట్ తీసుకున్నాను. అక్కడివరకు ఏ గొడవా లేదు.

మా అక్క వాళ్లు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటారు. ఏడాదికి రెండు మూడు సార్లు కారులో వెళ్తాం, దాదాపు 600 మైళ్లు. రాత్రిపూట డ్రైవింగ్, పిల్లలు వెనక సీట్లో నిద్ర. దారిలో గన్ ఉంటే ధైర్యంగా ఉంటుంది కదా అనిపించింది. అదే వారంలో మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లింక్ పెట్టారు. 'ఇంట్లో కూర్చుని అరగంట వీడియో, 20 ప్రశ్నల పరీక్ష, 38 రాష్ట్రాల్లో చెల్లే నాన్ రెసిడెంట్ పర్మిట్' అని. నాన్ రెసిడెంట్ అంటే ఒక రాష్ట్రం తన దగ్గర ఉండనివాళ్లకి ఇచ్చే పర్మిట్, ఇక్కడ ఇచ్చేది యూటా రాష్ట్రం. పక్కనే అమెరికా మ్యాప్, ముప్పావు భాగం ఆకుపచ్చ రంగులో.

పరీక్ష ఫ్రీ. పాసయ్యాక సర్టిఫికెట్ కావాలంటే మాత్రం 74 డాలర్లు. ఆ తర్వాత 'యూటా అప్లికేషన్ కిట్' అని 115. అందులో ఏముందంటే యూటా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఫారం, దాన్ని ఎలా నింపాలో చెప్పే రెండు పేజీలు, వేలిముద్రల కార్డు ఒకటి. ఇంత తెలివైనవాణ్ణి, రోజంతా లాటరీ టికెట్లు అమ్మేవాణ్ణి, నాకే అమ్మేశారు.

ఫారం నింపుతుంటే దాంతోపాటు ఉన్న సూచనలు చదివాను. యూటా పర్మిట్‌కి శిక్షణ యూటా గుర్తించిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గరే తీసుకోవాలి. ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలి, వీడియోల్లో నేర్చుకుంటే కుదరదని చట్టంలోనే ఉంది. ఆ ఇన్‌స్ట్రక్టర్ సంతకం, అధికారిక ముద్ర కూడా ఉండాలి. నా దగ్గరున్నది రంగురంగుల పీడీఎఫ్. అంటే 74 డాలర్ల సర్టిఫికెట్ యూటాలో చిత్తు కాగితం. తర్వాత తెలిసిందేమిటంటే, ఇలాంటి ఆన్‌లైన్ సర్టిఫికెట్లకి ఒకప్పుడు వర్జీనియా నాన్ రెసిడెంట్ పర్మిట్ దొరికేది. 2021 జనవరి 1 నుంచి వర్జీనియా కూడా దాన్ని ఆపేసింది. వ్యాపారం మాత్రం ఆగలేదు, మ్యాప్ మార్చి అమ్ముతున్నారు.

ఇంకో ముక్క కూడా ఆ సూచనల్లోనే కనిపించింది. మీ సొంత రాష్ట్రం యూటా పర్మిట్‌ని గుర్తిస్తుంటే, ముందు సొంత రాష్ట్రం పర్మిట్ మీ దగ్గర ఉండాలి, దాని కాపీ జత చేయాలి. నా దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. కానీ ఆ గ్రూపులో 'షెరీఫ్ ఆఫీసు చుట్టూ తిరగకుండా ఇదొక్కటి చాలు' అనుకుని కొన్నవాళ్లు ముగ్గురున్నారు.

కోపంతో, నాకు షార్లెట్‌లో క్లాస్ చెప్పిన రిటైర్డ్ డిప్యూటీ షెరీఫ్ దగ్గరికి ఆ మ్యాప్ పట్టుకుని వెళ్లాను. ఆయన మ్యాప్ చూడనేలేదు.

"ఎక్కడికి వెళ్లాలి నువ్వు?" అన్నాడు.

"ఎడిసన్."

"దారిలో ఏమొస్తాయి?"

"వర్జీనియా, మేరీల్యాండ్, డెలావేర్, న్యూజెర్సీ."

"వర్జీనియాకి, డెలావేర్‌కి నీ దగ్గరున్న పర్మిట్ చాలు. మేరీల్యాండ్, న్యూజెర్సీ బయటి రాష్ట్రాల పర్మిట్ ఏదీ ఒప్పుకోవు. నీదీ ఒప్పుకోవు, యూటాదీ ఒప్పుకోవు. మరి ఇది దేనికి కొన్నావు?"

నా దగ్గర సమాధానం లేదు. ఇంటికొచ్చి ఆ 38 రాష్ట్రాలనీ ఒక్కొక్కటిగా చూశాను. ఇప్పుడు అమెరికాలో 29 రాష్ట్రాల్లో, వయసూ మిగతా అర్హతలూ ఉంటే, అసలు పర్మిట్ లేకుండానే గన్ పెట్టుకోవచ్చు. ఫ్లోరిడా 2023లో, సౌత్ కరోలినా, లూసియానా 2024లో ఆ లిస్టులో చేరాయి. ఆ మ్యాప్‌లో ఆకుపచ్చ చాలావరకు ఇదే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం మా నార్త్ కరోలినా పర్మిట్‌తో ముందే చెల్లుతున్నవి. కొలరాడో, మిషిగన్ కూడా ఆకుపచ్చే, కానీ పక్కన చిన్న చుక్క. కింద బూడిద రంగు అక్షరాల్లో 'రెసిడెంట్ పర్మిట్ మాత్రమే' అని. అంటే యూటాలో ఉండేవాడి యూటా పర్మిట్ అక్కడ చెల్లుతుంది, షార్లెట్‌లో ఉండే నేను తీసుకున్న యూటా పర్మిట్ చెల్లదు. వాళ్లు అమ్మేదే నాన్ రెసిడెంట్ పర్మిట్!

మనల్ని భయపెట్టే రాష్ట్రాలు న్యూజెర్సీ, న్యూయార్క్, మేరీల్యాండ్, మసాచుసెట్స్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్. వాటికోసమే మనం ఇలాంటివి కొంటాం. ఏ ప్యాకేజీ అయినా ఇవ్వలేనివి సరిగ్గా అవే. మేరీల్యాండ్‌లో గన్ పెట్టుకోవాలంటే మేరీల్యాండ్ స్టేట్ పోలీసు దగ్గరే అప్లై చేయాలి, కొత్తవాళ్లకి 16 గంటల శిక్షణ ఉంటుంది. న్యూజెర్సీకి న్యూజెర్సీ పర్మిటే కావాలి. 2022లో సుప్రీం కోర్టు తీర్పు వచ్చాక పర్మిట్ దొరకడం తేలికైంది, నిజమే. కానీ ఒక రాష్ట్రం కాగితం ఇంకో రాష్ట్రం ఒప్పుకోవాలని ఆ తీర్పు చెప్పలేదు.

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. 2013లో ఫిలడెల్ఫియా నుంచి ఒకావిడ న్యూజెర్సీలోకి వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది, అంతకుముందు ఏ కేసూ లేదు. మామూలు ట్రాఫిక్ స్టాప్. 'నా దగ్గర గన్ ఉంది, పర్మిట్ ఉంది' అని తనే చెప్పింది. అరెస్ట్ చేశారు. తప్పనిసరి జైలు శిక్ష పడే కేసు పెట్టారు. పెద్ద గొడవయ్యాక, చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చారు. న్యూజెర్సీలో పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ ఉంటే 5 నుంచి 10 ఏళ్ల జైలు పడే నేరం. ఆవిడ అమెరికా పౌరురాలు కాబట్టి డిపోర్టేషన్ భయం లేదు. మనలో గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకి గన్ కేసులో శిక్ష పడితే, ఇమిగ్రేషన్ చట్టంలో డిపోర్టేషన్‌కి అదొక్కటే చాలు. మా అక్కకి ఫోన్‌లో ఈ సంగతి చెప్తే ఒకటే మాట అంది: "ఆ గన్ను పట్టుకుని మా ఇంటికి రాకురా నాయనా, నీకో దండం."

"1986 ఫెడరల్ చట్టం ఉంది కదా, ఏ రాష్ట్రం గుండా అయినా తీసుకెళ్లొచ్చు" అని గ్రూపులో ఒకాయన వాదించాడు. చట్టం ఉంది. గన్ అన్‌లోడ్ చేసి, గన్నూ బుల్లెట్లూ చేతికి అందని చోట, అంటే ట్రంక్‌లో పెట్టాలి. ట్రంక్ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో. గ్లోవ్ బాక్స్, కన్సోల్ లెక్కలోకి రావు. పైగా బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ గన్ వెంట ఉంచుకోవడం మీకు చట్టబద్ధం అయి ఉండాలి. నాకు ఎడిసన్ దారి కాదు, చేరే చోటు. అందుకని ఆ చట్టం నాకు పనికిరాదు. దారి మధ్యలో ఆగినా ప్రమాదమే. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాకి విమానంలో వెళ్తున్న ఒకాయన న్యూజెర్సీలోని నెవార్క్‌లో చిక్కుకుపోయాడు. గన్ ఉన్న బ్యాగ్ చేతికొచ్చింది, రాత్రి హోటల్లో ఉన్నాడు, పొద్దున ఎయిర్‌పోర్ట్‌లో గన్ ఉందని తనే చెప్పాడు, అరెస్టయ్యాడు. కోర్టుకెళ్తే 2010లో ఓడిపోయాడు. ఆ రాత్రి బ్యాగ్ అతని చేతికి అందుబాటులో ఉందని కోర్టు అంది.

ఇక వీసా మీద ఉన్నవాళ్లు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పుట్టించింది ఇదే. ప్యాకేజీ కొన్న ఆ ముగ్గురిలో ఒక తమ్ముడు హెచ్1బి. ఆ సైట్ వాడు వీసా సంగతి ఎక్కడా అడగలేదు, కార్డు నంబర్ మాత్రం అడిగాడు. హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్లు గన్ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం, 15 ఏళ్ల వరకు శిక్ష ఉంది. 'హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే చాలు అన్నా' అంటాడు. ఆ మినహాయింపు చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ దానివల్ల బట్టల కింద దాచి నడుముకి పెట్టుకుని తిరిగే పర్మిట్ రాదు. తమ్ముడూ, ఇమిగ్రేషన్ లాయర్‌కి రెండొందలు ఇచ్చి అడుగు, యూట్యూబ్‌ని అడగకు.

నాన్ రెసిడెంట్ పర్మిట్లన్నీ మోసం అనడం లేదు. యూటాది ఐదేళ్లు, ఫ్లోరిడాది ఏడేళ్లు చెల్లుతుంది. సొంత రాష్ట్రం పర్మిట్‌ని బయట ఎక్కువ రాష్ట్రాలు గుర్తించనివాళ్లకి అవి పనికొస్తాయి. స్కూళ్ల విషయం ఒకటుంది. ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలుకి 1000 అడుగుల లోపల లోడ్ చేసిన గన్‌తో వెళ్లాలంటే ఆ స్కూలున్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. పక్క రాష్ట్రం మన పర్మిట్‌ని గుర్తించినా అది సరిపోదన్నది గన్ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ మాట. షార్లెట్ నుంచి రోజూ సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మిల్ వెళ్లొచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, ఇది చూసుకోండి. సౌత్ కరోలినా మాత్రం అక్కడ ఇల్లో స్థలమో ఉన్న బయటివాళ్లకే పర్మిట్ ఇస్తుంది.

కాబట్టి కొనాలనుకుంటే మ్యాప్ చూడొద్దు. మీరు వెళ్లే దారిలోని ఒక్కొక్క రాష్ట్రం పోలీసు శాఖ లేదా అటార్నీ జనరల్ వెబ్‌సైట్‌లో, బయల్దేరే వారంలోనే చూడండి. ఈ రూల్స్ ఏటా మారుతున్నాయి. పోలీసు ఆపితే గన్ సంగతి ముందే చెప్పాలా అన్నది కూడా చూడండి. మా నార్త్ కరోలినాలోనూ, మిషిగన్‌లోనూ అడక్కపోయినా చెప్పాలి.

నా డబ్బు సంగతి. 'సర్టిఫికెట్ ఇచ్చేశాం, రిఫండ్ లేదు' అన్నారు. కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తే 115 వెనక్కొచ్చింది, 74 రాలేదు. స్టేట్‌మెంట్లు తిరగేస్తుంటే నెలకి 19 డాలర్లు చొప్పున నాలుగు నెలలుగా పోతున్నట్టు అప్పుడు కనిపించింది. 'లీగల్ అప్‌డేట్స్ మెంబర్‌షిప్' అట, చెక్ అవుట్ పేజీలో టిక్ ముందే పెట్టి ఉంచారు. బిల్లు మీద ఆ కంపెనీ పేరు కూడా లేదు, వేరే ఏదో పేరుంది. గ్రూపులో లింక్ నొక్కి కొన్నవాళ్లు ముందు మీ కార్డు స్టేట్‌మెంట్ తెరిచి 19 డాలర్ల పద్దు ఉందేమో చూడండి.